యూనివర్సిటీ మారింది

ఎనభైల మొదట్లో, న్యూజెర్సీలో ఒక కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసులో విదేశీ సర్టిఫికెట్లు పరిశీలించడం నా ఉద్యోగం. మా బాసు లెక్కలో విదేశం అంటే ఇంగ్లండు, మిగతాదంతా అనుమానం.

ఒక ఈజిప్టు ఆవిడ పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. మొదటి ఏడాది మార్కుల మీద కైరోలోని పెద్ద యూనివర్సిటీ పేరు, డిగ్రీ మీద నైలు డెల్టాలోని వాళ్ల ఊరి యూనివర్సిటీ పేరు. ఇంకేముంది, దొంగ డిగ్రీ అని మా బాసు తేల్చేశాడు. సీటు రాకపోతే ఆవిడకు వీసా లేదు, సామాను సర్దుకోవడమే.

ఆవిడనే పిలిచి అడిగాను. వాళ్ల ఊళ్లో మొదట ఉన్నది కైరో యూనివర్సిటీ శాఖగా ఒక్క మెడికల్ కాలేజీయే. తర్వాత సైన్సు, టీచర్ ట్రైనింగు వచ్చి చేరాయి. విద్యార్థులు పెరిగారు, గదులు చాలలేదు, చివరికి అన్నీ కలిపి వేరే యూనివర్సిటీ చేశారు.

"నేను అదే బెంచీ మీద ఉన్నాను. గేటు మీద బోర్డు మార్చారు," అంది.

నాకు అర్థం కాకపోవడమేమిటి! ఇండియాలో నేను చదివిన పీజీ సెంటర్‌కూ ఇదే వైభోగం పట్టి, అదీ యూనివర్సిటీ అయి కూర్చుంది.

సీట్లు ఖాయం చేసే కమిటీలో ఒక తెలుగు ప్రొఫెసరుగారు ఉండేవారు. ఆయనకు ఫోన్ చేసి, "మధ్యలో యూనివర్సిటీ మారిందండీ, అంతే," అన్నాను. మర్నాడు కమిటీ నుంచి కబురు: ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ తెప్పించండి. ఏ బెంచీ నుంచి ఏ బెంచీకి?

నేరుగా ఆయన గదికి వెళ్లాను.

"సార్, కమిటీకి ఏం చెప్పారు?"

"మీరు చెప్పిందేనమ్మా. షీ చేంజ్‌డ్ యూనివర్సిటీస్."

"ఆవిడ మారలేదండీ బాబూ! యూనివర్సిటీయే మారిపోయింది!"

"రెంటికీ తేడా ఏముంది? క్లియర్‌గా చెప్పొచ్చుగా."

"మీది నెల్లూరు కదా. మీరు స్కూలుకెళ్లేటప్పుడు అది మద్రాసు రాష్ట్రం. కాలేజీకొచ్చేసరికి ఆంధ్ర రాష్ట్రం. మీ నాన్నగారు ఇల్లు ఖాళీ చేశారా?"

ఆయన కుర్చీలోంచి లేవకుండానే ఒకసారి నెల్లూరు వెళ్లొచ్చారు. తర్వాత ఫోన్ తీసి మా బాసుకు కలిపారు.

ఆవిడకు సీటొచ్చింది. కొన్నేళ్లకు డాక్టరేటూ వచ్చింది. ఆ రోజు విందులో ప్రొఫెసరుగారు చేతిలో ప్లేటు పట్టుకుని, ఈజిప్టులో ఆ యూనివర్సిటీ ఎలా పుట్టి పెరిగిందో అందరికీ విడమరిచి చెప్పారు, నెల్లూరు ఉదాహరణతో సహా. తన సొంత ఊహ అన్నంత ధీమాగా.

ఆవిడ నా వైపు చూసి నవ్వింది. "మళ్లీ బోర్డు మార్చారు," అంది.