రాగిపలకలో సూదిమొన

మా ఇంట్లో అక్క అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆమె మొండిఘటమే. చిన్నప్పుడు పాలు కాగుతుంటే గిన్నెలోకి తొంగిచూస్తూ నిలబడేది. అమ్మ జడ పట్టి లాగినా కదిలేది కాదు. పెద్దయ్యాక గిన్నె పోయి ప్రయోగశాలలో మనిషెత్తు నీటితొట్టి వచ్చింది, అంతే తేడా.

తొట్టి అడుగున వేడి రాగిపలక, పైన చల్లటి మూత, చుట్టూ అద్దంలాంటి ప్లాస్టిక్ గోడలు. మధ్యలో నీళ్ళు సుళ్ళు తిరుగుతూ ఒకటే హడావిడి. పలకను అంటిపెట్టుకుని మాత్రం గోరంత మందాన ఒక నీటిపొర ఉంటుంది. కింది వేడంతా దాన్ని దాటుకునే పైకి రావాలి. ఆ పొర మందం తేల్చడమే అక్క పని. మూతకు వేలాడే, వేడిని కొలిచే సూదిని పలకను తాకేదాకా దించి, అక్కడ సున్నా పెట్టుకుని, వెంట్రుకవాసి చొప్పున పైకి లేపుతూ ఎక్కడ ఎంత వేడుందో చూసేది.

మిగతా ప్రయోగశాలల వాళ్ళకు పొర మందంగా వచ్చింది. అక్కకేమో పల్చగా. తప్పు వాళ్ళదేనని ఏళ్ళ తరబడి వాదించింది. చివరికి పైవాళ్ళు ఒక పరిశీలకుణ్ణి పంపారు. ఆయన పెదవి విరిస్తే తొట్టి పాతసామాన్ల కొట్టుకి పోతుంది.

లోహాలకు మెరుగు పెట్టడం నా వృత్తి. ఆయన వచ్చే ముందురోజు అక్క నన్ను పిలిచి పలక అప్పగించింది.

"నీ మొహం కనిపించాలిరా అందులో."

"నా మొహం కనిపిస్తే ఆయన పారిపోతాడక్కా."

మర్నాడు ప్రయోగశాలలో పలక వేడెక్కాక వంగి చూశాను. కొలబద్ద ప్రకారం సూది సున్నా దగ్గరే ఉంది. కానీ మెరుస్తున్న రాగిలో సూదిమొనకూ దాని ప్రతిబింబానికీ మధ్య సందు కనిపించింది. పలకను తాకుతుంటే సందెందుకు ఉంటుంది? తలెత్తితే అక్క కూడా ఆ సందునే చూస్తోంది. పరిశీలకుడు కాగితాల్లో మునిగిపోయాడు. అక్క నోరు మూసుకుంటే సరిపోయేది.

"నా కొలతలన్నీ తప్పు సార్" అంది అక్క. "చల్లగా ఉన్నప్పుడు సున్నా పెట్టాను. వేడికి గోడలు సాగి మూతని పైకెత్తాయి. దాంతో సూదీ లేచింది."

"అన్నీ తప్పేనా?"

"అన్నీ. కూర్చోండి, మళ్ళీ కొలుస్తాను."

మొనా ప్రతిబింబమూ కలిసేదాకా సూదిని దించింది. సాయంత్రానికి పొర మందంగా తేలింది, అందరికీ వచ్చినట్టే.

"ఇన్నేళ్ళ పని పోయింది కదమ్మా, బాధ లేదా?" అన్నాడాయన.

"ఎందుకు లేదు సార్? కానీ ఇప్పుడు సున్నా ఎక్కడుందో తెలుసు."

తొట్టి కదపొద్దని రాసి వెళ్ళాడు.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "ఏమైందే? నీ మాటే నెగ్గిందా?"

"ఓడిపోయానమ్మా" అంది అక్క, చెప్పులు విప్పుతూ. "నా లెక్కలు నేనే కొట్టేసుకున్నాను."

మన మొండిఘటం ఈమేనా అన్నట్టు అమ్మ నావైపు చూసింది.

"ఆమేనమ్మా" అన్నాను గర్వంగా.