పాకం ముదిరిన ఫర్లాంగు

కోటగిరి చుట్టుపక్కల రాజలింగు వండిన బెల్లం అంటే అంగట్లో నోరెత్తి బేరమాడిన వాడు లేడు. పాకాన్ని చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, రాతికి కొట్టి, టక్కుమన్న చప్పుడు విన్నాకే కడాయి దింపేవాడు. ఆ చప్పుడు గురించి అతడికున్న గర్వం అంతా ఇంతా కాదు. చెరకంతా బండ్లకెక్కి ఫ్యాక్టరీ దారి పట్టాక, గానుగలు ఒక్కొక్కటే మూలనపడ్డాయి. నలభై నిండకముందే రాజలింగు చేతిలో గరిటె మిగిలింది, ముందు కడాయి లేదు.

1958లో బోధన్ నుంచి నిజామాబాద్ వైపు డాంబరు రోడ్డు పడుతుంటే, మేస్త్రీ దేవిదాస్ అతణ్ణి పిలిచి డాంబరు కరిగించే డ్రమ్ము దగ్గర నిలబెట్టాడు. వండడం వచ్చినవాడికి ఏదైతేనేం అని మేస్త్రీ లెక్క. భార్య భూమవ్వ కూడా కంకర తట్టలు మొయ్యడానికి చేరింది. ఓ మైలురాయి నుంచి కల్వర్టు దాకా ఫర్లాంగు రాజలింగుది, కల్వర్టు దాటాక ఇంకో డ్రమ్ము చూసే పోశన్నది.

పోశన్న అంటే జగమెరిగిన సోమరి. పొయ్యిలో నాలుగు కట్టెలు దోపి, వేపచెట్టు కింద బీడీ ముట్టించుకుంటే మళ్లీ లేచేది డాంబరు కరిగాకే. కరిగిందా, చాలు, దింపేసేవాడు. రాజలింగు అలాంటివాడా? చెరకు పిప్పి గుప్పిళ్లతో ఎగదోసి భగభగా మండించాడు. డాంబరు కుతకుతలాడి పచ్చటి పొగ కక్కేదాకా కలిపాడు. చివర్లో ఓ చుక్క నీళ్లలో వేసి, ఉండ చేసి, రాతికి కొట్టాడు. టక్కుమంది! ఇంకేం కావాలి? రోలరు వెళ్లాక అతడి ఫర్లాంగు నల్లటి అద్దంలా మెరిసింది. పోశన్న ముక్క ఎండలో చెప్పుకు అంటుకుంటుంటే, చారు పోసినట్టు పోసినవేందిరా అని కూలీలంతా నవ్వారు. ఆ రోజు రాజలింగు నేల మీద నడవలేదనుకోండి.

రెండేళ్లు బాగానే గడిచాయి. మూడో ఎండాకాలం వెళ్లేసరికి అద్దం కాస్తా బూడిదయింది. నెర్రెలు విచ్చింది. వానలకు నెర్రెల్లోకి నీళ్లు దిగాయి, కార్తీకంలో చెరకు బండ్లు కదిలాయి, ఇనుప పట్టాల చక్రాల కింద ఫర్లాంగు మొత్తం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. కల్వర్టుకు అవతల పోశన్న ముక్క మాత్రం నల్లగా, నిమ్మళంగా పడుంది. బండివాళ్ల నోళ్లు ఊరుకుంటాయా? ఆ చోటికి ‘రాజలింగు గుంతలు’ అని పేరు పెట్టేశారు. అక్కడ ఇరుసు విరిగితే రాజలింగును తిట్టారు, చెరకు మోపు జారితే రాజలింగు తల్లిని తిట్టారు. బెల్లం వండిన నాటి పేరంతా గుంతల్లో కలిసింది. అతడికి తలకొట్టేసినట్టయింది. బోధన్ సంతకు పోవాలంటే మొహం చెల్లక భూమవ్వనే పంపేవాడు.

తోటి కూలీలు కంకర మంచిది కాదన్నారు, నేల గుల్ల అన్నారు. రాజలింగు మనసు ఒప్పుకోలేదు. రెండు ఫర్లాంగులకూ అదే కంకర, అదే డాంబరు. తేడా ఒక్క వంటలోనే ఉంది. ఓ మధ్యాహ్నం వెళ్లి రెండువైపుల నుంచీ చెరో పెచ్చు తవ్వాడు. తనది వేళ్ల మధ్య పుటుక్కున విరిగింది. పోశన్నది పైన గోరు మందాన మాత్రమే గట్టిపడింది. లోపల గిల్లితే మెత్తగా సాగి, సన్నటి తీగ వచ్చింది. ఆ తీగను చూసి రాజలింగు అక్కడే చతికిలబడ్డాడు.

రోడ్డు పని చూసే ఓవర్సీరు రామకోటేశ్వరరావు తెనాలి మనిషి. కోపిష్ఠి, కానీ అడిగినవాడికి చెప్పే గుణం ఉంది. రెండు ముక్కలూ పట్టుకుని అతడి ముందు నిలబడి, తప్పు నాదే సారు అన్నాడు రాజలింగు. ఓవర్సీరు నవ్వలేదు. కూర్చోబెట్టి చెప్పాడు. డాంబరులో జిగురూ ఉంది, ఆ జిగురును మెత్తగా ఉంచే నూనె సారమూ ఉంది. మంట ఎక్కువైతే ఆ సారం ఆవిరైపోతుంది, మిగిలినదాన్ని గాలి పట్టి గట్టిపరుస్తుంది. గట్టిపడితే బలం కాదు, పెళుసు. చక్రం కింద కాస్త వంగి మళ్లీ లేవగలిగేదే నిలుస్తుంది.

“ఎండా గాలీ ఆ పని రోజూ చేస్తూనే ఉంటాయయ్యా. కాకపోతే వాటికి పదేళ్లు పడుతుంది. నువ్వు ఒక్క పూటలో దాన్ని ముసలిదాన్ని చేశావు.”

రాజలింగు చేతిలోని పెచ్చును తిప్పి తిప్పి చూశాడు. ఈ నల్లటిది కోట్ల ఏళ్లు భూమి కడుపులో ఊరిన నూనె నుంచి వచ్చిందట! అన్నేళ్లు చీకట్లో మెత్తగా ఉన్నది, పైకి తెచ్చిన నాటి నుంచి మనిషిలాగే ఎండకు ముదురుతుందట. నిర్జీవం అనుకుని ఇన్నాళ్లూ మాడ్చాడు. దానికీ వయసుందని తెలిశాక చెయ్యి వెయ్యడానికే భయమేసింది, నిజం చెప్పాలంటే దండం పెట్టాలనిపించింది.

1964లో ఆ ఫర్లాంగు మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. ఓవర్సీరుకు అప్పటికే బదిలీ కాగితం వచ్చింది. పోతూ పోతూ, అది రాజలింగే వండాలని దేవిదాస్‌కు చెప్పి పోయాడు. మేస్త్రీకి ఇష్టం లేదు. చెరకు బండ్లు కదలడానికి మూడు రోజులే ఉన్నాయి. మళ్లీ గుంత పడ్డా, పని ఆగినా, రోడ్డు మీద కనపడొద్దని ముందే హెచ్చరించాడు.

ఈసారి రాజలింగు పిప్పి ముట్టలేదు. తుమ్మ కట్టెలు పేర్చి, సన్న మంట మీద, పొగ తెల్లగా లేచినంతసేపే ఉంచాడు. పచ్చబడబోతే కొరకంచులు బయటికి లాగేశాడు. రెండు రోజులు పొయ్యి వదల్లేదు. మూడో రోజు, చివరి డ్రమ్ము పొయ్యి మీద ఉండగా, తట్ట మోస్తున్న భూమవ్వ పాదం మీద మరుగుతున్న డాంబరు చిందింది. పరుగెత్తి ఆమెను కాలువ దాకా మోసుకుపోయి, కాలు నీళ్లలో పెట్టించి, తిరిగొచ్చేసరికి డ్రమ్ము మీద పచ్చటి పొగ కమ్ముకుని ఉంది. చుక్క తీసి నీళ్లలో వేసి, రాతికి కొట్టాడు.

టక్కుమంది. ఒకప్పుడు పొంగిపోయిన ఆ చప్పుడు వినగానే ఇప్పుడు ఉండను అవతలికి విసిరేశాడు.

“గిది మాడింది. పనికిరాదు,” అన్నాడు.

దేవిదాస్ డ్రమ్ములోకి తొంగి చూశాడు. నిగనిగలాడుతోంది. “మంచిగనే ఉంది గదా. పోసెయ్. ఎవడు సూసిండు?”

“నేను సూసిన.”

అంతే. రాజలింగు డ్రమ్మును కాలితో తన్ని రోడ్డు పక్క కందకంలోకి వంచేశాడు. మేస్త్రీ తిట్లు అందుకున్నాడు. ఇంకో డ్రమ్ము కరిగించి, పొద్దు గుంకేలోపు కల్వర్టు దాకా ముగించాడు రాజలింగు. రేపటి నుంచి రావద్దన్నాడు దేవిదాస్. రాజలింగు భూమవ్వను భుజానెత్తుకుని, తాను వేసిన రోడ్డు మీదే ఇంటికి నడిచాడు. మళ్లీ డ్రమ్ము ముట్టే అదృష్టం రాలేదు. చెరకు కోతకు కూలికి పోయాడు.

తొమ్మిదేళ్లు గడిచాయి. ఓ పుష్యమాసపు ఉదయం, కోసిన చెరకుతో పాటు ముత్తన్న అనే బండివాడి పక్కన కూర్చుని ఫ్యాక్టరీకి వెళుతున్నాడు. దారంతా బండి ఎముకలు విరగ్గొడుతోంది. మైలురాయి దాటగానే చప్పుడు తగ్గింది. పైన కాస్త బూడిద రంగు తిరిగింది, ఎండ తన పని మానలేదు. అయినా ఎక్కడా ఒక్క నెర్రె లేదు. ముత్తన్న ఆవులించి, పగ్గాలు రాజలింగు చేతికిచ్చాడు.

“జర పట్టుకోవె పెద్దబాపు. గీడ బండి ఊగది. రోజూ కల్వర్టు దాకా నేను ఓ కునుకు తీస్త.”

“గీ రోడ్డు ఎవరేసిండ్రు?”

“ఎవరికెర్క? గీ దిక్కే ఏడనో రాజలింగు గుంతలు ఉండెనని మా బాపు తిడుతుండె. ఏడుండెనో ఏమో, నాకైతే ఎన్నడు కానరాలె.”

అని చెరకు మోపుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. రాజలింగు కళ్ల నిండా నీళ్లు కమ్మాయి. తన పేరు ఈ రోడ్డు మీద ఎక్కడా లేదు. అంత సంతోషం బెల్లం వండిన రోజుల్లో కూడా ఎరగడు. చెప్పుకుందామని నోటిదాకా వచ్చింది, కానీ మాట్లాడితే ముత్తన్న లేస్తాడని ఊరుకున్నాడు. పగ్గాలు వదులుగా పట్టుకుని, ఎడ్లను మెల్లగా నడిపించాడు.