రాగి రేకును వంచింది నేనే

మా మరిదితో రేడియోలో మాట్లాడుకునే స్నేహితులందరికీ. కాచిగూడ పెద్దాయనా, మీ దగ్గు తగ్గిందా? లక్డీకాపూల్ పంతులుగారూ, కంట్లో మందు వేళకు వేసుకుంటున్నారా? అబిడ్స్ నాయనా, కాలిన వేలికి కట్టు విప్పావా? తడి తగలనివ్వకు. మా మరిది పోయి పదకొండు రోజులు. జ్వరంతో పోయాడు. ఇన్నేళ్లూ నేను కరెంటుకే భయపడ్డాను, జ్వరం సంగతి ఆలోచించనే లేదు.

పోలీసు యాక్షన్ అయిన రెండేళ్లకు, మిలిటరీ వాళ్ల పాత సామానులో బల్బులా వెలిగే ఒక పెద్ద గాజు వాల్వు కొన్నాడు. దాన్ని నాంపల్లిలో మా ముందు గదిలో, మాటలు పంపే డబ్బాకు బిగించాడు. మాట ఇంకా దూరం పోతుందట. దూరం సంగతి దేవుడెరుగు, ఎవరూ మాట్లాడకుండానే అది కూసేది. పక్కింటి వకీలు గోడ మీదుగా అడిగేవాడు.

"ఏందమ్మా, మీ మరిది పాములనాడిస్తున్నడా? మా రేడియోల వార్తలు లేవు, ఒకటే ఈల!"

ఆఖరికి ఫిర్యాదు పోయింది. అధికారి వచ్చి, ఇంకోసారి ఈల వినబడితే లైసెన్సు పోతుందని కాగితం రాసిచ్చి వెళ్లాడు. ఆ కాగితాన్ని మరిది పటం కట్టించి గోడకు పెట్టుకున్నాడు.

వాల్వు నుంచి బయటికి పోవాల్సిన కరెంటు కొంత తిరిగి లోపలికే వస్తుందట, అందుకే ఆ కూత. దానికి సరిగ్గా అంతే ఎదురు పెట్టి ఆపడానికి గాజు పక్కన చిన్న రాగి రేకు నిలబెట్టాడు. సాయంత్రం సరిచేస్తాడు, మర్నాడు మళ్లీ కూస్తుంది. నెల రోజులు ఇదే గోల. అన్నం ముందు కూర్చుని తినకుండా లేచేవాడు. నాకు విసుగు, అతనికి నాకంటే విసుగు.

ఒకరోజు రేకు దగ్గర వంగి అడిగాడు. "వదినె, దీన్ని ఎవరు వంచిన్రు?"

"నేనే. దుమ్ము తుడిచినప్పుడల్లా జర ఇవతలికంటున్న. గాజుకు తాకి పేలుతదని."

"రోజూనా?"

"ఔ. ఫికర్ రోజూ ఉంటది కదా!"

తల పట్టుకుని కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. లేచి, కర్ర చివర తీగ చుట్టి, దానికి టార్చిబల్బు కట్టి నా చేతికిచ్చాడు.

"పెద్ద కరెంటు తీసేసిన, చిన్నదే ఉంది, భయపడకు. గీడ పట్టు. నేను రేకు జరుపుత, బల్బు ఆరంగనే చెప్పు."

"ఆరితే చెడినట్టు కాదా?"

"ఆరితేనే బాగైనట్టు. దొంగతనంగ వచ్చే కరెంటుకే అది వెలుగుతది, ఆరితే దొంగదారి మూసుకున్నట్టు."

కర్ర చాపి పట్టాను. బల్బు ఎర్రగా వెలిగింది, సన్నగిల్లింది, ఆరింది. "ఆగు, ఆగు!" అని అరిచాను.

ఆ తర్వాత వకీలు ఈల మాట ఎత్తలేదు. పటం గోడ మీదే ఉంది. వాల్వు మార్చినప్పుడల్లా కర్ర నాకే ఇచ్చేవాడు. "నీ ఫికరంత గీ బల్బు మీద పెట్టు వదినె, నా మీద వద్దు" అనేవాడు.

డబ్బాను మీరు అబిడ్స్ తీసుకుపోతామన్నారు. మంచిదే, అది మాట్లాడుతూ ఉండాలి. కానీ మోస్తే రేకు కదులుతుంది, నాకదే బెంగ. ఈ పదకొండు రోజులూ దాని దుమ్ము తుడవలేదు. కర్ర తలుపు దగ్గర పెట్టుకున్నాను. రిక్షాలో నేనూ వస్తాను, బల్బు ఆరేదాకా ఉండి వస్తాను. వచ్చే ఆదివారం, పొద్దున పది గంటలకు రండి.