రిఫాలో నరసాయమ్మ చిలికిన వెన్న

గల్ఫ్‌లోని రిఫా పట్టణంలో నర్సుగా పనిచేసే సత్యశ్రీ ఇంట్లో వంటకు కుదిరిన నరసాయమ్మది రాజోలు దగ్గర లంకగ్రామం. ఆవిడ బడి మొహం ఎరగదు. అలాంటిది సత్యశ్రీ కూతురు, తొమ్మిదేళ్ల లక్ష్మిప్రసన్న పుస్తకం పట్టుకుని తిన్నగా వంటింట్లోకే వచ్చింది.

"అత్తా, కరెంటు లేకపోతే రోజంతా ఏం చేస్తారు?"

వందల ఏళ్ల కిందట ఓడలెక్కి అమెరికా చేరిన ఇంగ్లీషువాళ్లు అడవి కొట్టి కట్టుకున్న తొలి ఊళ్ల గురించి బళ్లో పాఠం. అక్కడివాళ్లు రోజూ చేసే పని ఏదైనా ఒకటి చేసి చూపించాలట. బొమ్మల్లో ఒకావిడ బావిలో నీళ్లు తోడుతోంది, ఇంకో పిల్ల వెన్న చిలుకుతోంది.

నరసాయమ్మ పకపకా నవ్వింది. "ఓసోస్, ఇదా! మా ఇంట్లో రోజూ జరిగిందే కదే. ఆళ్లు గౌన్లు ఏసుకున్నారు, అంతే తేడా. అవునే, ఆ అడవిలో ముందునించీ ఎవరూ లేరా?"

"ఉన్నారు. మొక్కజొన్న వేయడం వాళ్లే నేర్పారట."

"మరదీ! ఎవరో ఒకరు నేర్పందే ఎవరికొస్తాది? నీకు వెన్న తియ్యడం నేన్నేర్పుతాను."

ఇంట్లో కవ్వం లేదు. పక్కన కడుతున్న భవనంలో నిజామాబాదు వడ్రంగి నర్సింగ్ ఉన్నాడు. నరసాయమ్మ చేతులు తిప్పి చూపిస్తే అతను నవ్వాడు. "గిదెంత పని అక్కా! పొద్దుగూకేటాల్లకు చేసిస్త."

శుక్రవారం నాటికి వారం మీగడ కుండలో తోడుకుని సిద్ధంగా ఉంది. పాఠంలోని ఊళ్లో ఏసీలు లేవని ప్రసన్న పట్టుబట్టి ఏసీ ఆపేసింది. అసలే మే నెల. కిటికీ ఊచకు కవ్వం కట్టి ఇద్దరూ వంతులవారీగా తాడు లాగారు. గంట గడిచింది. నురగే తప్ప వెన్న లేదు. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నరసాయమ్మ కుండ తడిమి చూసింది. వెచ్చగా ఉంది.

"పాపా, ఆ ఊళ్లో చలికాలం మంచు పడేదా?"

"మోకాళ్లదాకా పడేది."

"అయితే మనదీ చలికాలమే!" అంటూ ఫ్రిజ్‌లోని ఐసుగడ్డలు కుండలో గుమ్మరించింది. కాసేపటికి కవ్వం చప్పుడు బరువెక్కింది. తెల్లటి ముద్దలు పైకి తేలాయి. ప్రసన్న కేకకు సత్యశ్రీ పరుగెత్తుకొచ్చింది.

కొట్లో మీగడ కొని మళ్లీ తోడుపెట్టి, ఆదివారం సత్యశ్రీ ఇద్దర్నీ బడి దగ్గర దింపింది. ఐసు డబ్బా మరవలేదు. గుమ్మం దగ్గర నరసాయమ్మ ప్రసన్న వెనక్కి తగ్గింది. పీట మీద కూర్చుని తాడు అందుకోగానే ఆ బెరుకు పోయింది. పిల్లలు వరుస కట్టారు. ఒక కుర్రాడు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. పనంతా చేస్తే ఇక ఆడుకునేదెప్పుడని అడుగుతున్నాడని ప్రసన్న తెలుగులో చెప్పింది.

"నీళ్లకెళ్లినప్పుడేరా అబ్బాయీ! ఒక్క బిందె తేవడానికి మాకు పూట పట్టేది. మా అమ్మ కేకలేసేదాకా ఏటిలోంచి బయటికొచ్చేవాళ్లమా?"

ప్రసన్న అది ఇంగ్లీషులో చెప్పేసరికి తరగతి గొల్లున నవ్వింది. చిలికి తీసిన వెన్న రొట్టెలకు రాస్తే నిమిషంలో ఖాళీ. తర్వాతి తరగతికి కూడా రమ్మని టీచరమ్మ అడిగింది.

తిరిగొస్తూ కారులో సత్యశ్రీ, "భయం వేయలేదా నరసాయమ్మా?" అంది.

"తాడు పట్టుకునేదాకా ఏసిందండి. పంతులమ్మ జీతం మటుకు వెన్నలోనే ఇచ్చారండి!" అంటూ నరసాయమ్మ వేళ్లకు అంటిన వెన్న ప్రసన్న ముక్కుకు రాసింది.