మొదటి ఫోల్డర్

మెట్టుగూడలో మైకుసెట్టు పర్వతాలును ఎరగనివాళ్లు లేరు. పెళ్లికీ ఆయనే, బోనాలకీ ఆయనే, చావుకీ ఆయనే. ఊరంతా ఫోన్లోనే పాటలు పెట్టుకుంటున్నా ఆయన మాత్రం తన పాత సీడీ ప్లేయర్‌ని వదల్లేదు. ఒకసారి ఎవరింట్లోనో ఫోన్లో శ్లోకాలు పెడితే, మధ్యలో ఎవరో ఫోన్ చేశారు. శవం పక్కన తీన్మార్ రింగ్‌టోన్ మోగింది. అప్పట్నుంచీ ఆయనకు ఫోనంటే గిట్టదు.

చిన్న పళ్లెమంత ప్లేయర్, అందులో ఒకే ఒక ఎంపీత్రీ డిస్కు. నూరు పైచిలుకు పాటలు, మూడు ఫోల్డర్లు. మొదటిదాంట్లో చావింటి శ్లోకాలు, రెండోదాంట్లో పెళ్లిపాటలు, మూడోదాంట్లో బోనాల పాటలు. శుభమా అని కొత్త డిస్కు చేయించుకుంటూ ముందు శ్లోకాలేంటని, చేసిచ్చిన గల్లీ కుర్రాడు ఓంప్రకాశ్ విసుక్కున్నాడు కూడా.

"పెండ్లింట్ల పాట తప్పు పడితె నవ్వుతరు తమ్మీ, చావింట్ల తప్పు పడితె తంతరు. బటన్ ఒత్తంగనే అవే రావాలె," అన్నాడు పర్వతాలు.

ఆ శ్లోకాలు వినబడితే చాలు, ఎవరో పోయారని గల్లీ అంతా పనులాపుకుని బయల్దేరేది.

ఆయన భార్య లచ్చమ్మ మంచాన పడి నెలలైంది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. పిల్లల్లేరు. ఆమెకు చావంటే భయం లేదు, ఎవరూ లేకుండా పోవాలంటేనే భయం.

"అందరి చావుకూ నువ్వు పోతివి. నేను పోతె మనింటికి ఎవరొస్తరయ్యా?" అని రోజూ అడిగేది.

"అందరొస్తరు తియ్యే," అనేవాడే గానీ, ఆయనకూ నమ్మకం లేదు.

ఒక పొద్దున ఆమె బోనాల పాటలు వినాలనుందంది. ప్లేయర్‌ని పెద్ద స్పీకర్‌కు తగిలించి మూడో ఫోల్డర్ పెట్టాడు. కాసేపటికి కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ బటన్ నొక్కాడు. డిస్కు తిరిగి తిరిగి పాట అందుకునేసరికి ఆలస్యమవుతుంది కదా, ఈలోగా మందులు తెద్దామని బయల్దేరాడు. కరెంటు పోతే ప్లేయర్ మళ్లీ మొదటి ఫోల్డర్‌కొస్తుందన్న సంగతి, ఇన్నేళ్లు దాంతో బతికిన మనిషి, ఆ పూట మరిచిపోయాడు.

తిరిగొస్తుంటే గల్లీ మొదట్లోనే శ్లోకాలు వినిపించాయి. తన ఇంట్లోంచే. మందుల కవరు ఎక్కడ పడిందో చూసుకోకుండా పరిగెత్తాడు.

ఇంటినిండా జనం. ఎదురింటి కల్పలత కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఓంప్రకాశ్ పూలదండను వీపు వెనక దాచుకుంటున్నాడు. వాళ్ల మధ్య లచ్చమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. ఎన్నాళ్లకో ఆ మొహంలో కళ కనిపించింది.

"సూసినవా, ఎంతమందొచ్చిన్రో! కల్పలతైతె నా మీద పడి ఏడ్సింది," అంది సంబరంగా. ఆయన ప్లేయర్ ఆపబోతే వద్దంది. "ఉండనీ, ఇంటా. పోయినంక నాకు ఇనొస్తదా ఏంది?"

అందరూ నవ్వారు. చాయ్ తాగి, కబుర్లు చెప్పి వెళ్లారు. ఆ పూట లచ్చమ్మ రెండు ముద్దలు ఎక్కువే తింది.

తర్వాత వచ్చిన ఆదివారం, తెల్లవారుతుండగా లచ్చమ్మ పోయింది. పక్కన పర్వతాలు ఒక్కడే ఉన్నాడు. ఏం చెయ్యాలో తోచక ప్లేయర్ బటన్ నొక్కి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

శ్లోకాలు గల్లీ చివరిదాకా వినిపిస్తున్నాయి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. వాకిట్లో ముగ్గేస్తున్న కల్పలత తలెత్తి చూసింది.

"ఏందన్నా, మల్ల గలత్ ఫోల్డర్ పడ్డదా?" అని నవ్వి, ముగ్గు పూర్తిచేసుకుని లోపలికెళ్లిపోయింది.

ఇన్నేళ్లలో ఏ చావు కబురూ పర్వతాలు తన నోటితో చెప్పలేదు, చెప్పాల్సిన పనే పడలేదు. లోపలికెళ్లి ప్లేయర్ ఆపేశాడు. చెప్పులైనా వేసుకోకుండా గల్లీలోకి దిగి, ఒక్కొక్క తలుపే కొట్టడం మొదలుపెట్టాడు.

"ఈపారి నిజమేనమ్మా. జెర రాండ్రి. లచ్చమ్మ ఒక్కతే ఉన్నది."