అడగడం నేర్పిన టీచర్

మా బయాలజీ టీచర్ పోయారు. ఇక్కడ బహ్రెయిన్‌లో ఆదివారం సెలవు కాదు. పోయిన ఆదివారం పొద్దున నేను కాలేజీ బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "టీచరమ్మ పోయిందంట బిడ్డా" అని ఫోన్ అలాగే పట్టుకుంది. నేనూ పెట్టెయ్యలేదు. తర్వాత అనాటమీ క్లాసుకి వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తు లేదు.

ఈసా టౌన్‌లో మా స్కూల్లో ఆవిడ పదకొండు, పన్నెండు తరగతులకి చెప్పేవారు. కాకినాడ వైపు మనిషి. క్లాసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడేవారు కాదు గానీ, మెట్ల దగ్గర ఎదురైతే "తిన్నావా అమ్మాయ్?" అని తెలుగులో అడిగేవారు. బోర్డు మీద బొమ్మ తప్పయితే డస్టర్ వెతుక్కునే ఓపిక ఉండేది కాదు, అరచేత్తో తుడిచేసేవారు. పీరియడ్ అయ్యేసరికి చెయ్యంతా మార్కర్ నీలం. స్టాఫ్ రూంలో ఆవిడ టీ గ్లాసు ఏదనేది దాని మీది నీలం మరకలే చెప్పేవి.

మా నాన్నది జగిత్యాల దగ్గర పల్లె. మేస్త్రీగా బహ్రెయిన్ వచ్చి ఫోర్‌మన్ అయ్యాడు. అమ్మ సనాబిస్‌లో ఒక పెద్ద డాక్టరు ఇంట్లో వంట చేస్తుంది. నేను డాక్టర్ కావాలనుకున్నప్పుడు, మెడికల్ కాలేజీకి మార్కులతో పాటు, మనల్ని ఎరిగినవాళ్లు రాసిచ్చే సిఫారసు లేఖలు కూడా కావాలని తెలిసింది. నాన్నకి అదో పెద్ద విషయంగా తోచలేదు. "మీ అమ్మ పనిచేసే సార్ లేడా? గంత పెద్ద డాక్టరు సంతకం పెడితే ఎవలు కాదంటరు?" అన్నాడు.

ఆ మాటే టీచర్‌కి చెప్పాను.

"ఆయన నిన్నెప్పుడైనా చూశారా?"

అమ్మ కోసం వెళ్లినప్పుడు గేటు దగ్గర చూశారన్నాను.

"మరేం రాస్తారు? మీ అమ్మ పప్పు బాగా వండుతుందనా?" అని, నా మొహం చూసి గొంతు తగ్గించారు. "నువ్వు పని చేస్తుంటే చూసినవాళ్లని అడగాలమ్మా. వాళ్ల పేరు చిన్నదైనా పర్లేదు."

అయితే మీరు రాస్తారా అని అడిగాను. నాకు క్లాసులో ఎప్పుడూ మంచి మార్కులే. కాదంటారని కల్లో కూడా అనుకోలేదు.

"ఇప్పుడు రాయలేను" అన్నారు. "నీకు మార్కులొస్తాయని తెలుసు. ఆ ముక్క మార్కుల షీటే చెబుతుంది. నువ్వెలాంటి మనిషివో నాకింకా తెలీదు."

బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. మర్నాడు ఆవిడే పిలిచారు. గురువారాలు స్కూలు అయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలకి ల్యాబ్ ఉంటుంది, వచ్చి సాయం చెయ్యమన్నారు. ఆ ఏడాదంతా వెళ్లాను. మైక్రోస్కోపులు తుడిచాను, స్లైడ్లు సర్దాను. ఒకసారి రక్తం గ్రూపు చూస్తుంటే ఒక పిల్లకి కళ్లు తిరిగాయి. వరండాలో నేల మీద దాన్ని పడుకోబెట్టి, కాళ్లకింద బ్యాగు పెట్టి, అది లేచి నవ్వేదాకా కబుర్లు చెబుతూ కూర్చున్నాను. టీచర్ గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్లిపోయారు.

వేసవి సెలవులకి ముందు ఆవిడే గుర్తు చేశారు, "ఇప్పుడు అడుగు" అని. జూన్ దాటితే టీచర్లందరూ ఊళ్లకి వెళ్లిపోతారు, తిరిగొచ్చాక ఎవరికీ తీరిక ఉండదు. వరండాలో ఎదురుపడినప్పుడు కాదు, టైం అడిగి వచ్చి, కూర్చుని అడగాలన్నారు. "నా గురించి మంచిగా రాయగలరా?" అనాలట. రాయలేనని చెప్పే దారి కూడా వాళ్లకి వదలాలట. "మొహమాటానికి రాసినది చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది" అన్నారు. నేను కుర్చీలో కూర్చుని, ఆవిడ చెప్పినట్టే ఆవిడనే అడిగాను. నవ్వకుండా విన్నారు. "రాస్తానమ్మా" అన్నారు.

సెలవుల్లోనే ఆవిడకి కాన్సర్ అని తేలింది.

తిరిగొచ్చినప్పుడు తలకి స్కార్ఫ్ కట్టుకుని క్లాసుకి వచ్చారు. ఉత్తరం గురించి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే ఒకరోజు ఆస్పత్రి నుంచి ఫోన్ చేశారు. మర్నాడు ఆపరేషన్. "పంపేశాను. ఇంక నీ పని నువ్వు చూసుకో" అన్నారు. అందులో ఏం రాశారో నాకు తెలీదు. నేనడగలేదు.

సీటు రాగానే ఆవిడకే ముందు చెప్పాను. అడిగినవాళ్లు తిరిగొచ్చి ఏమైందో చెప్పాలని, సీటు రాకపోయినా చెప్పాలని ఆవిడ నియమం. అమ్మ రవ్వలడ్డూలు చేసి తనూ నాతో వచ్చింది. మందుల వల్ల టీచర్‌కి నోట్లో రుచి తెలిసేది కాదు. అయినా ఒక లడ్డూ మొత్తం తిన్నారు, అమ్మ చూస్తోందని.

రెండేళ్లు బాగానే గడిచాయి. ఈ వేసవిలో జబ్బు తిరగబెట్టింది. చివరిసారి నేను ఆస్పత్రికి వెళ్లినప్పుడు మంచం పక్కన బల్ల మీద స్కాన్ రిపోర్టు ఉంది. టీచర్ కళ్లు మూసుకున్నారు కదా అని చదివాను. చదివితే అర్థమయ్యేంత చదువు నాకు అప్పటికే వచ్చింది, ఆవిడ పుణ్యమా అని. తలెత్తేసరికి ఆవిడ నన్నే చూస్తున్నారు.

"చదివావా?"

చదివానన్నాను.

"అయితే మనిద్దరం ఇవాళ బయాలజీ మాట్లాడుకోవద్దు" అన్నారు. "మీ అమ్మ ఎలా ఉంది?"

అమ్మ మోకాలి నొప్పి గురించి, నాన్న ఓవర్‌టైం గురించి, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా బిల్డింగ్ లిఫ్టు పాడైన సంగతి, ఏవేవో చెప్పాను. అన్నీ శ్రద్ధగా విన్నారు. వస్తానని లేస్తే చెయ్యి పట్టుకుని, కాసేపు వదల్లేదు. అరచెయ్యి తెల్లగా, శుభ్రంగా ఉంది. ఆ చెయ్యి అలా ఉండటం నేను ఓర్చుకోలేకపోయాను.

మంగళవారం ఆవిడని కాకినాడ పంపించారు. ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లే ముందు ఆస్పత్రి వెనక ఆవరణలో చివరిచూపుకి పిలిస్తే, స్కూలు నుంచి పిల్లలు యూనిఫాంల్లోనే వచ్చారు. పన్నెండో తరగతి పిల్ల ఒకతి నా పక్కన వెక్కుతోంది. టీచర్ తనకి ఉత్తరం రాస్తానన్నారట, రాయకుండానే పోయారట. ఇలాంటప్పుడు దాని గురించి ఏడుస్తున్నందుకు సిగ్గుగా ఉందక్కా అంది. సిగ్గెందుకు, ఆవిడ ఉంటే ఈపాటికి ఇంకో టీచర్ దగ్గరికి తోలేవారు అన్నాను. ఈ గురువారం స్కూలుకి నేను తోడొస్తానని చెప్పాను.

అంబులెన్స్ బండి తలుపు వేశారు. టీచర్‌గారి భర్త ముందు సీట్లో ఎక్కారు. బండి కదిలింది. పిల్లలు ఎవరూ చెప్పకుండానే వరసల్లోకి వచ్చి, చేతులు కిందికి వదిలి, నిటారుగా నిలబడ్డారు. టీచర్ క్లాసు నుంచి బయటికి వెళ్లేటప్పుడు అలాగే నిలబడతారు. బండి గేటు దాటి, మలుపు తిరిగి, కనపడకుండా పోయింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఒక్కరూ కదల్లేదు.