ఏమయ్యో, బువ్వకు రా

"ఇంగ బయం లేదు గదక్కా?"

"లేదు భాయ్. పోయొస్తా."

ఆదోనిలో మైకుసెట్లు అమ్మే సాయిబుతో నా చివరి మాటలవే. ఆయన దగ్గర కొన్న సెట్టు చెడిపోనేలేదు, మళ్లీ ఆయన అంగడికి పోయే పనే పడలేదు.

ఎమ్మిగనూరు భజనలో నేను పాడేదాన్ని. నాది బొంగురు గొంతు. బాడుగ మైకులో అది గరగరమంటే జనం నవ్వారు. "కొత్త సెట్టులో గూడా ఇట్లే అయితే నువ్వు తాళాలు కొట్టుకో, ఇంగొకరు పాడతారు" అన్నాడు మా భజన పెద్ద. మా ఆయన పోయినాక నాకు మిగిలింది ఆ పాటే. బస్సులో ఊరూరికీ మోసుకుపోయే సెట్టు కోసం నేనూ పెద్దా ఆదోనికి పోయాం.

సాయిబు నా చేతికి మైకు ఇచ్చి, తాను రోడ్డు దాటి టీ అంగడి దగ్గర నిలబడ్డాడు. ఎవరొచ్చినా అంతేనట. "దగ్గర నిలబడి ఇంటే అన్నీ బాగుంటాయక్కా. హలో హలో అనొద్దు, ఇంట్లోవాళ్లను అన్నానికి పిలిచినట్టు పిలువు" అని అరిచాడు.

మెరిసే పెద్ద సెట్టులో కొడుకును పిలిచాను. సాయిబు ఆడినుంచే వద్దని చెయ్యి ఊపాడు. తర్వాత అంగట్లో పిల్లోడి చేత బ్యాటరీతో నడిచే చిన్నది పెట్టించాడు. పాత అలవాటున నోరు జారింది.

"ఏమయ్యో, బువ్వకు రా!"

ఆయన లేడు కదా అని తల వంచుకున్నాను. సాయిబు నవ్వుతూ వచ్చాడు.

"పెండ్లయిన మొగోళ్లంతా తిరిగి సూసినారక్కా! ఇదే తీస్కపోండి."

"నేనూ లేసి నిలబడినాలే. పాట నీదే" అన్నాడు పెద్ద.

ఏదీ కోడలా, నేను చెప్పంగ నువ్వు రాసింది చదువు. ఈడ కాదు, వాకిట్లో నిలబడి చదువు.